దివిసీమలో మా ఊరి తుఫాను తరలింపు ప్రణాళిక: ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

అక్టోబరు నాటికి మా ఊరి తుఫాను తరలింపు ప్రణాళికను మేమే రాసుకోవాలని గ్రామసభలో తీర్మానించాము. నాగాయలంక మండలంలో కృష్ణా పాయకూ సముద్రపు కరకట్టకూ మధ్యనున్న ఊరు మాది. సుమారు మూడు వందల ఇళ్లు, వెయ్యి మందికి పైగా జనం ఉన్నారు. ఎక్కువ కుటుంబాలు వేట మీద, మిగిలినవి వరి మీద, రొయ్యల చెరువుల మీద బతుకుతున్నాయి. మండల స్థాయి ప్రణాళికలో ప్రతి ఊరి జనాభా, షెల్టరు, బాధ్యత వహించే అధికారి హోదా ఉంటాయి. అవి ఉండవలసినవే. అయితే ఏ ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నారో, ఎవరు గేదెలను వదిలి రారో, ఏ దారి మొదట మునుగుతుందో ఊరివాళ్లు తప్ప మరొకరు రాయలేరు.

సచివాలయ సిబ్బంది, ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు, డ్వాక్రా సంఘాల నాయకురాళ్లు, పడవలు నడిపే సరంగులు, ట్రాక్టర్ల యజమానులు కలిసి కమిటీగా ఏర్పడ్డారు. పాలిటెక్నిక్‌లో సర్వేయింగ్ బోధించే ఈ ఊరివాడిగా కొలతల పనీ, ఈ డైరీ రాసే పనీ నాకు అప్పగించారు.

ఈ పని ఎందుకని మా ఊళ్లో ఎవరికీ వివరించనక్కరలేదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమలోనూ చుట్టుపక్కల తీరంలోనూ పదివేల మందికి పైగా చనిపోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ల పేర్లు వింటే పెద్దవాళ్లకు ఈనాటికీ మాట ఆగిపోతుంది. కొత్తతరం తెలుసుకోవలసిన రెండో సంగతి కూడా ఉంది. 1990 మేలో అంతే భయంకరమైన తుఫాను కృష్ణా ముఖద్వారానికి దగ్గరలోనే తీరం దాటింది. అప్పటికి హెచ్చరికల పద్ధతి మెరుగుపడింది, షెల్టర్లు కట్టారు, లక్షన్నరకు పైగా జనాన్ని ముందుగానే తరలించారు. ఆ తుఫానులోనూ తొమ్మిది వందల మందికి పైగా చనిపోయారన్నది విషాదమే, అయినా 1977తో పోల్చి చూస్తే తరలింపు ఎన్ని వేల ప్రాణాలను నిలబెట్టిందో తెలుస్తుంది. ఆ తొమ్మిది వందల పైచిలుకు ప్రాణాలు కూడా పోకుండా ఉండాలంటే ఏం చేయాలన్నదే మా పని.

జూన్, చివరి వారం

బడి గోడ మీద కోస్తా పటం గీయించాము. దక్షిణాన చీరాల, నిజాంపట్నం, నడుమ దివిసీమ, ఉత్తరాన మచిలీపట్నం, నరసాపురం గుర్తించాము. కమిటీ సభ్యులందరూ ముందుగా అర్థం చేసుకోవలసిన విషయం ఈ పటం మీదే ఉంది.

మన వైపు తుఫానుల గాలి గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. బంగాళాఖాతం నుంచి పడమరగా, వాయవ్యంగా వచ్చే తుఫాను తీరం దాటేటప్పుడు దాని కేంద్రానికి కుడి పక్కన, అంటే ఉత్తరాన, గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వీస్తుంది. నీటిని ఒడ్డు మీదికి తోసేది ఆ గాలే. ఎడమ పక్కన గాలి నేల మీది నుంచి సముద్రంలోకి పోతుంది కనుక అక్కడ ఉప్పెన తక్కువ. మా తీరంలో సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. అలా తోసుకొచ్చిన నీరు కిందికి జారిపోయే వీలు లేక మీదికి లేస్తుంది. అదే సమయానికి పోటు కూడా ఉంటే ఎత్తు ఇంకా పెరుగుతుంది.

1977 తుఫాను కేంద్రం దాటింది దివిసీమలో కాదు, చీరాల దగ్గర. దానికి ఉత్తరాన ఉన్నందువల్లనే దివిసీమ మునిగింది. ఐదు మీటర్ల ఎత్తున లేచిన నీరు పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. కాబట్టి “మన మీదికి రావడం లేదు, చీరాల వైపు పోతోంది” అన్న మాట మా ఊళ్లో ఎవరి నోట వచ్చినా దాన్ని ఊరట మాటగా తీసుకోకూడదు, హెచ్చరికగా తీసుకోవాలి. నరసాపురం వైపు పోతోందని చెబితే ఉప్పెన భయం కొంత తగ్గుతుంది, గాలివానల భయం మాత్రం తగ్గదు. పైగా ఒక రోజు ముందు ఇచ్చే అంచనాలో కేంద్రం యాభై అరవై కిలోమీటర్లు అటో ఇటో కావడం సహజం. చీరాలకూ మాకూ మధ్య గాలి దూరం దాదాపు అంతే. చీరాల మొదలు మచిలీపట్నం దాకా ఎక్కడ తీరం దాటుతుందని చెప్పినా మా ఊరు పూర్తిగా కదలాలన్నది ప్రణాళికలో మొదటి సూత్రంగా రాసుకున్నాము.

ఆ పటం ముందు నిలబడి డెబ్బై దాటిన ఒక సరంగు తన మనవడికి చెప్పిన మాట ఇది: “గాలి ఎటు నుంచి కొడుతుందో చూడరా అబ్బాయ్. తూర్పు నుంచి కొడుతూ బలుస్తుంటే ఇంకేం చూడనక్కరలేదు, నడు.” ఇన్ని కొలతలతో మేము చెప్పిన దాన్ని ఆయన ఒక్క మాటలో చెప్పారు. కరపత్రంలో దాన్ని యథాతథంగా వేస్తున్నాము.

జూలై

ఇంటింటి జాబితా పని జూలై అంతా సాగింది. రేషను కార్డుల జాబితా చేతిలో ఉన్నా దానితోనే సరిపెట్టలేదు. ఆశా కార్యకర్తలు, డ్వాక్రా సభ్యులు వీధులు పంచుకుని, ఇంటి ఇల్లాలితోనూ ఇంటి పెద్దతోనూ విడివిడిగా మాట్లాడారు. నడవలేనివారు, చూపు లేనివారు, నెలలు నిండుతున్నవారు, పసిపిల్లల తల్లులు, డయాలసిస్‌కు వెళ్లేవారు, ఇన్సులిన్ వాడేవారు అన్న వివరాలతో పాటు ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న తప్పనిసరిగా అడిగాము: “కిందటిసారి కదలమన్నప్పుడు మీ ఇంట్లో చివరగా బయలుదేరింది ఎవరు, ఎందుకు?”

ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులే ప్రణాళికకు ప్రాణం. మా ఊరివాళ్లకు తుఫాను అంటే లెక్కలేక కాదు, ఆగినవాళ్లలో ప్రతి ఒక్కరికీ ఆగవలసిన కారణం ఉంది. పడవ కట్టు తెగితే పోయేది బతుకుతెరువు కనుక మగవాళ్లు పాయ దగ్గర ఉండిపోతారు. పాడి గేదె ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు ఆగుతారు. మంచం పట్టిన అత్తగారిని నలుగురిలో పడుకోబెట్టి అన్నీ అక్కడే చేయవలసి వస్తుందన్న బిడియంతో ఒక కోడలు ఇంట్లోనే ఉండిపోయింది. ఇల్లు తాళం వేసి వెళితే దొంగతనం జరుగుతుందన్న భయం కొందరిది. ఈడొచ్చిన ఆడపిల్లను రాత్రంతా జనంలో ఎలా ఉంచాలన్నది ఇంకొక తల్లి బాధ. వీటిలో ఏ ఒక్కటీ కొట్టిపారేయదగింది కాదు. పోలీసులను తెచ్చి ఖాళీ చేయిస్తామంటే సరిపోదు, ఒక్కో కారణానికి ఒక్కో ఏర్పాటు ముందుగానే చూపించాలి.

పడవలకు గడువు పెట్టాము. వాతావరణ శాఖ హెచ్చరికలు నాలుగు దశల్లో వస్తాయి. ముందస్తు సమాచారం 72 గంటల ముందు, పసుపు రంగు అలర్టు 48 గంటల ముందు, నారింజ రంగు హెచ్చరిక 24 గంటల ముందు, తీరం దాటిన తరువాతి పరిస్థితిని చెప్పే ఎరుపు ప్రకటన 12 గంటల ముందు ఇస్తారు. పసుపు దశలోనే పడవలన్నీ మడ అడవి చాటునున్న పాయలోకి చేరాలి, ఇంజన్లు విప్పి మెరకకు తేవాలి, వలలు సర్దేయాలి. నారింజ దశ వచ్చేసరికి మగవాళ్ల చేతులు ఖాళీగా ఉండాలి. అప్పుడే వాళ్లు మిగతా పనికి వస్తారు.

పశువుల సంగతిలో పెద్దవాళ్ల అనుభవమే మాకు దారి చూపింది. 1977లో కట్టుగొయ్యకు కట్టేసి ఉన్న పశువులు ఉన్నచోటనే చచ్చిపోయాయి. కరకట్టకు ఇవతల పంచాయతీ చెరువు గట్టు ఊళ్లో అన్నిటికన్నా మెరక. పసుపు దశలో పశువులను అక్కడికి తోలి రెండు రోజుల గడ్డి వేయాలని, నారింజ దశ చివర పలుపులు విప్పి వదిలేయాలని, ఆ పనికి వీధికి ఇద్దరు యువకులు బాధ్యులని రాసుకున్నాము. ఇకపై గేదె కోసం ఎవరూ ఇంట్లో ఆగనక్కరలేదు.

రేషను కార్డుల జాబితాలో లేనివాళ్ల గురించి ఇక్కడ ప్రత్యేకంగా రాయాలి. రొయ్యల చెరువు గట్ల మీద కాపలా గుడిసెల్లో ఉండేవారిలో చాలామంది వేరే మండలాలవారు, కొందరు వేరే రాష్ట్రాలవారు. డ్రెయిను గట్ల మీద పీతల వేట చేసుకునే యానాది కుటుంబాలు కాలాన్ని బట్టి చోటు మారుతుంటాయి. నీటికి అందరికన్నా దగ్గరగా ఉండేది వీళ్లే, పేర్లు ఏ పుస్తకంలోనూ లేనిదీ వీళ్లకే. చెరువుల యజమానులతో మాట్లాడి, నారింజ హెచ్చరిక రాగానే కాపలా మనిషిని గట్టు మీద ఉంచబోమని సంతకాలు తీసుకున్నాము. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ల విలువ, పంట విలువ ఎంతైనా సరే, ఈ ఒక్క విషయంలో కమిటీ బేరానికి ఒప్పుకోలేదు. యానాది కుటుంబాల పెద్దల్లో ఒకరిని కమిటీలో చేర్చుకున్నాము, గట్ల మీద గుడిసెల లెక్క ఇకపై నెలనెలా ఆయనే చెబుతారు.

ఆగస్టు, మొదటి పక్షం

దారుల సర్వే పూర్తయింది. ఊరి నుంచి షెల్టరుకు కిలోమీటరున్నర దూరం. లెవెల్ పరికరంతో దారి పొడవునా ఎత్తులు తీశాము. మధ్యలో డ్రెయిను కల్వర్టు దగ్గర దారి ఊరికన్నా పల్లంలో ఉంది. ఉప్పెన దాకా పోనక్కరలేదు, భారీ వర్షానికే అక్కడ మోకాలి లోతు నీరు నిలుస్తుంది. డ్రెయినులో గుర్రపుడెక్క పేరుకుంటే ఇంకా ముందే నిలుస్తుంది. సెప్టెంబరు చివరికి పూడిక, గుర్రపుడెక్క తీయించాలన్న తీర్మానం ఈ కొలతల ఆధారంగానే జరిగింది. కల్వర్టుకు రెండు వైపులా గట్టి నిలువు కర్రలు పాతి, ఎర్ర గీత గీయించాము. నీరు గీతను తాకితే ఆ దారి మూసినట్టే.

తుఫాను తీరం దాటే సమయం నుంచి వెనక్కి లెక్కపెడితే చాలదు, దారి మూసుకుపోయే సమయం నుంచి లెక్కపెట్టాలి. ఈ రెండిటి మధ్య ఎంత తేడా ఉంటుందో చూడండి. పెనుగాలుల వలయం కేంద్రం చుట్టూ వంద కిలోమీటర్ల మేర ఉన్న తుఫాను గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో కదులుతోందనుకుంటే, కేంద్రం తీరాన్ని తాకడానికి ఆరేడు గంటల ముందే మా ఊళ్లో గాలి గంటకు అరవై కిలోమీటర్లు దాటుతుంది. ఆ గాలిలో ట్రాక్టరు ట్రక్కులో పిల్లలను ఎక్కించి పంపకూడదు, తాటిచెట్ల వరుస కింద ముసలివాళ్లను నడిపించకూడదు. నవంబరులో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. గాలి పెరిగేసరికి కరెంటు తీసేస్తారు, తీయడమే మంచిది. అర్ధరాత్రి తీరం దాటుతుందని చెప్పిన తుఫానుకు మా తరలింపు మధ్యాహ్నం మూడింటికల్లా ముగియాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలో వాహనాలు చెబుతాయి. నడవగలిగినవారు నడుస్తారు. వాహనం తప్పనిసరి అయినవారు సుమారు మూడు వందల మంది. సామానుతో సహా ఒక ట్రక్కులో ఇరవై మందికి మించి ఎక్కించకూడదని నిర్ణయించాము. ఎక్కించడం, పోవడం, దించడం, తిరిగి రావడం కలిపి ముప్పావుగంట పడుతుంది. నాలుగు ట్రాక్టర్లుంటే నాలుగు విడతల్లో పని తేలుతుంది, అంటే మూడు గంటలు. వానలో దానికి రెట్టింపు వేసుకోవాలి. ఉదయం తొమ్మిదింటికి మొదటి ట్రాక్టరు కదలకపోతే మూడింటికి ముగియదు. అందుకే అర్ధరాత్రి తుఫానుకు ఆ ఉదయం ఆరింటికే టముకు వేయాలి, ముందురోజు సాయంత్రమే డీజిలు నింపి ఉంచాలి.

మా దివిసీమకు మరో ఇబ్బంది ఉంది. చుట్టూ నీరు కావడంతో బయటికి పోయే దారులు కొన్నే. అవనిగడ్డ దాటితే పులిగడ్డ దగ్గర చల్లపల్లి వైపు ఒకటి, పెనుమూడి వంతెన మీదుగా రేపల్లె వైపు ఒకటి ముఖ్యమైనవి. కొన్ని డజన్ల ఊళ్ల జనం ఒకే పూట అటు పరిగెత్తితే దారిలోనే చిక్కుకుంటారు. కాబట్టి దూరం పోవాలనుకునేవారు, బంధువుల ఇళ్లకు చేరేవారు పసుపు దశలోనే బయలుదేరాలి. నారింజ దశ తర్వాత ఎవరైనా షెల్టరుకే. నెలలు నిండుతున్నవారిని, డయాలసిస్ అవసరమైనవారిని అందరికన్నా ముందు, పసుపు దశలోనే, అవనిగడ్డకో మచిలీపట్నానికో పంపే బాధ్యత ఏఎన్ఎం తీసుకున్నారు.

ఆగస్టు, రెండో పక్షం

షెల్టరును కొలిచాము. కింద స్తంభాలు, మీద హాలు ఉన్న భవనం అది. మనిషికి ఒక చదరపు మీటరు చొప్పున ఆరేడు వందల మందికి మించి చోటు చాలదు. ఎదురుమొండి దీవులకు రాకపోకలు బల్లకట్టు లాంటి పంటు మీద, ఈలచెట్లదిబ్బకు పడవ మీద. గాలి పెరగకముందే అవి ఆగిపోతాయి కనుక అక్కడి బంధువులు ముందే మా ఊరికి చేరుకుంటారు. వాళ్లనూ లెక్కలో కలిపితే మరో భవనం తప్పదని తేలి, హైస్కూలు పై అంతస్తును రెండో కేంద్రంగా తీసుకున్నాము. డాబా ఇల్లుంది కదా అని ఆగేవారికి చెప్పవలసిన మాట ఒకటుంది. ఒంటి అంతస్తు డాబా గాలికి నిలుస్తుంది గాని, ఉప్పెన నీరు గదిలోకి వస్తే మనిషికి దిక్కుండదు.

హాలును భాగాలుగా విడదీశాము. మెట్లకు, ర్యాంపుకు దగ్గరి భాగం మంచం పట్టినవారిది, వాళ్లకు చాపలతో అడ్డుతెరలు కట్టిస్తున్నాము. లోపలి గది ఆడపిల్లలకు, పాలిచ్చే తల్లులకు, అక్కడ ఇద్దరు డ్వాక్రా సభ్యులు రాత్రంతా మేలుకుని ఉంటారు. మరుగుదొడ్ల నీటి ట్యాంకును కరెంటు ఉండగానే నింపాలి, జనరేటరును ప్రతి నెలా ఒకసారి నడిపి చూడాలి. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండకూడదు. ఇప్పుడు మూడు ఇళ్లలో ఉంది, ఆ ఇళ్ల గోడల మీద పసుపు రంగుతో గుర్తు వేయించాము.

సెప్టెంబరు, మొదటి వారం

హెచ్చరిక జనానికి చేరే తీరు చూశాము. ఫోన్లకు తెలుగులో సందేశాలు వస్తున్నాయి, అది మంచి మార్పు. అయితే గట్ల మీద సిగ్నల్ ఉండదు, టవరు బ్యాటరీ ఎక్కువసేపు నిలవదు. అందుకే గుడి మైకు, చర్చి మైకు, టముకు, ఆఖరున సైకిలు మీద మనిషి, ఇన్ని దారులూ ఉంచాము. చెప్పే మాట అన్నిచోట్లా ఒకటే కావాలి. “తుఫాను వస్తోంది, అప్రమత్తంగా ఉండండి” అంటే ఎవరూ కదలరు. “కరకట్ట వీధివాళ్లు ఇప్పుడే బయలుదేరండి, ట్రాక్టరు రామాలయం దగ్గర ఉంది, పడవలు కట్టేశారు, గేదెలు చెరువు గట్టు మీద ఉన్నాయి” అని చెబితే కదులుతారు. అలాంటి ప్రకటనలను వీధివారీగా ముందే రాసి, అట్టలకు అంటించి, మైకుల దగ్గర ఉంచాము. విపత్తుల నిర్వహణ సంస్థ 1070 నంబరు, 112 నంబరు ప్రతి అట్ట మీదా ఉన్నాయి.

సెప్టెంబరు, చివరి వారం

మాక్ డ్రిల్ జరిపాము. వానలోనే జరిపాము, అదే కావాలనుకున్నాము. నడిచేవాళ్లు అనుకున్న సమయానికే చేరారు. ట్రాక్టర్ల దగ్గర మాత్రం ఎక్కించడానికే ఎక్కువ సమయం పట్టింది. ట్రక్కు ఎత్తుకు ముసలివాళ్ల కాలు అందదు. ఒక యువకుడు ఇంట్లోంచి రెండడుగుల చెక్కబల్ల తెచ్చి వేశాక పని వేగం పుంజుకుంది. ఇప్పుడు ప్రతి ట్రక్కుకూ అలాంటి బల్ల ఒకటి కట్టి ఉంచుతున్నాము.

మంచం పట్టిన పెద్దావిడను నులక మంచంతో సహా నలుగురు ఎత్తుకుని వెళ్లారు. షెల్టరు ర్యాంపు మలుపు దగ్గర మంచం తిరగలేదు. మంచం పొడవు ఆరడుగులు, మలుపు వెడల్పు అంతకన్నా తక్కువ. అక్కడే నిలిపి దుప్పటిలోకి మార్చి పైకి చేర్చారు. ఆవిడ నొప్పితో మూలిగారు. మంచం మోస్తున్న కుర్రవాడితో “నన్ను కాదు నాయనా, ముందు పిల్లల్ని చూసుకోండి” అన్నారు. “నువ్వూ మా లెక్కలోనే ఉన్నావు మామ్మా” అన్నాడతను. మరునాడే రెండు వెదురు బొంగులకు గట్టి గోనెపట్టా కుట్టి మోతపట్టీలు చేయించాము. మలుపులో వాటిని మడవవచ్చు. నడవలేనివారున్న ప్రతి ఇంటికీ ఒకటి ఇచ్చాము, ఎవరు మోయాలో నాలుగేసి పేర్లు ఆ పట్టీ మీదే రాయించాము.

కాపలా గుడిసెల నుంచి వచ్చినవాళ్లలో కొందరికి తెలుగు చదవడం రాదు. వీధి అట్టలతో పాటు బొమ్మలతో గీసిన అట్టలు కూడా తయారవుతున్నాయి, బడి పిల్లలు గీస్తున్నారు.

అక్టోబరు, మొదటి వారం

ప్రణాళిక ప్రతులు సచివాలయానికి, తహసీల్దారు కార్యాలయానికి అందజేశాము. డ్రెయిను పూడిక సగం దాకా తీశారు, కల్వర్టు దగ్గరి భాగం మిగిలి ఉంది. రెండో కేంద్రమైన హైస్కూలు పై అంతస్తులో కిటికీ తలుపులు మూడింటికి గడియలు లేవు, వడ్రంగి ఈ వారం వస్తానన్నాడు. వేట సీజను కావడంతో డ్రిల్‌కు రాని బోట్ల సరంగులతో విడిగా సమావేశం పెట్టాలి. యానాది కుటుంబాలు కొన్ని కొత్త గట్టుకు మారాయని కబురు వచ్చింది. ఆదివారం వెళ్లి గుడిసెలు లెక్కవేసి జాబితా తిరగరాయాలి, ఆ గట్టు నుంచి షెల్టరుకు నడకకు పట్టే సమయం కూడా కొలవాలి.